అమ్మ గుర్తుల గుడ్డ

ఫిబ్రవరి 3

బుజ్జమ్మా,

ఎలా ఉన్నావని అడిగే ఓపిక కూడా లేనంత కోపంలో ఉన్నాను. బాగానే ఉన్నావనుకుని మొదలుపెడుతున్నాను. మీ బావ "ముందు మంచినీళ్ళు తాగు, తర్వాత రాయి" అన్నాడు. తాగాను. ఏమీ తగ్గలేదు.

సంగతేమిటంటే, మన పిడుగుకి సోషల్ పరీక్షలో ఒక ప్రశ్నకు సున్నా వేశారు. సున్నా వేస్తే నేనెందుకు గొడవపడతాను? లెక్కల్లో నా కూతురు ఎన్ని సున్నాలు తెచ్చిందో నాకు తెలియదా? ఇది వేరు. ఈ ఏడాది ఏడో తరగతి పుస్తకంలో "పూర్వపు వృత్తులు" అని కొత్త పాఠం పెట్టారు. అందులో మీ మ్యూజియం ఫోటో వేశారు. అద్దాల పెట్టెలో అమ్మ గుర్తుల గుడ్డ, పక్కన ఒక బోర్డు. నేనెంత సంబరపడ్డానో నీకు తెలియదు. దుకాణానికొచ్చిన ప్రతివాళ్ళకీ చూపించాను. పుస్తకం ఇస్త్రీ బల్ల మీదే పెట్టుకున్నాను, పిడుగు బడికి టైమవుతోందని గోల పెట్టేదాకా ఇవ్వలేదు. నాకు కనపడింది గుడ్డ ఒక్కటే. కింద ఏం రాశారో చదవలేదు, అంత చిన్న అక్షరాలు నా కళ్ళకు ఆనవు.

పరీక్షలో అడిగారట: "బట్టలు ఉతికే వృత్తివారు దుస్తులపై చిహ్నాలు ఎందుకు వేసేవారు?" పిడుగు ఇలా రాసింది: "ఒకరి బట్టలు ఇంకొకరి బట్టల్లో కలిసిపోకుండా వేస్తారు. వేసేవారు అనడం తప్పు. మా అమ్మ ఇవాళ పొద్దున కూడా ఆసుపత్రి దుప్పట్లు నలభైకి వేసింది."

ఇందులో తప్పేముందో చెప్పు. ఇంటికొచ్చి ఏడుస్తూ పుస్తకంలో ఉన్న జవాబు చదివి వినిపించింది. విను. "దుష్టశక్తులు సోకకుండా, ఇతరుల మలినం తమకు అంటకుండా ఈ వృత్తివారు దుస్తులపై రహస్య చిహ్నాలు వేసేవారు. చదువురాని ఈ సమూహం వాటి మహిమను గాఢంగా నమ్మేది."

మహిమంట! అమ్మకు తెలిసిన దుష్టశక్తి ఒక్కటే, డాక్టరుగారి ప్యాంటు పోయి ప్లీడరుగారి ఇంట్లో పడటం. వీధికో గీత, ఇంటికో చుక్క, పెద్ద కుటుంబమైతే చుక్క పక్కన ఓ కొక్కెం. అక్షరం ముక్క రాని మనిషి మూడొందల ఇళ్ళకు మూడొందల గుర్తులు కనిపెట్టి, ఆ గుడ్డ మీద వరసగా వేసి పెట్టుకుంది. ఒక్క రుమాలు ఎప్పుడైనా మారిందా? అంత బుర్ర ఉన్న మనిషిని పట్టుకుని మంత్రగత్తెను చేస్తారా?

నీ మేనకోడలు (అబ్బే, కోపంలో చుట్టరికం కూడా తప్పుతోంది, నీకు కూతురి వరస కదా) ఊరికే ఉండలేదు. మాస్టారి ముందు లేచి నిలబడి, "మీ చొక్కా కాలరు లోపల చూసుకోండి సార్, రెండు గీతలు, ఒక చుక్క ఉంటాయి. మీకు దయ్యం పట్టకుండా వేశామా?" అందట. క్లాసంతా పగలబడి నవ్వారట. అసలు నేరం అదీ. పెద్ద టీచరమ్మ నన్ను పిలిపించింది. పుస్తకంలో ఉన్న జవాబు పదిసార్లు రాసి, కింద "నాది తప్పు" అని సంతకం పెట్టి ఇవ్వాలట. లేకపోతే మార్చి ఇరవైన మొదలయ్యే పెద్ద పరీక్షలకు హాల్‌టిక్కెట్టు ఇవ్వదట. పరీక్ష రాయకపోతే ఏడాది పోయినట్టే.

పిడుగు రాయనంటోంది. నేనూ రాయించను. వాళ్ళ అమ్మమ్మ గురించి అబద్ధం దాని చేత్తో దానిచేతే రాయిస్తారా?

ఆ జవాబు మీ బోర్డు నుంచే తీసుకున్నామని పుస్తకంలో రాశారట. ఆ బోర్డు రాసిన మహానుభావుణ్ణి నువ్వు రోజూ చూస్తూనే ఉంటావు. పక్కకు పిలిచి నాలుగు చీవాట్లు పెట్టు. తర్వాత తప్పయిందని రెండు ముక్కలు రాయించి మ్యూజియం ముద్ర వేయించి పంపు. ఆ కాగితం టీచరమ్మ బల్ల మీద పెడతాను, ఏమంటుందో చూస్తాను. నువ్వు అక్కడ ఉన్నావు కాబట్టి నాకింత ధైర్యం.

మండిపోతున్న
అక్క


ఫిబ్రవరి 10

అక్కా,

నీ ఉత్తరం అందింది. పిడుగు ఏడ్చిందని చదివి చాలా బాధపడ్డాను. ముందు నువ్వు కాస్త స్థిమితపడు. బావ చెప్పినట్టు మంచినీళ్ళు తాగు, ఈసారి రెండు గ్లాసులు.

బోర్డు విషయం నువ్వనుకున్నంత తేలిక కాదు. ఇక్కడ ఒక అక్షరం మార్చాలన్నా ఫైలు కదలాలి, కమిటీ కూర్చోవాలి, పెద్ద సారు సంతకం పెట్టాలి. కమిటీ ఏడాదికి రెండుసార్లే కూర్చుంటుంది. పైగా ఆ గుడ్డ ఉన్న గదికి మంచి పేరొచ్చింది. బయటి నుంచి వచ్చినవాళ్ళు ముందు అదే చూస్తారు. ఇప్పుడు అది తప్పంటే చాలామందికి ఇబ్బంది.

పిడుగు కూడా మాస్టారి చొక్కా జోలికి వెళ్ళకుండా ఉండాల్సింది. పెద్దవాళ్ళతో అలా మాట్లాడితే ఎక్కడైనా ఊరుకోరు. దాని తెలివికి నాకు గర్వంగానే ఉంది, కానీ తెలివిని ఎక్కడ చూపించాలో కూడా నేర్చుకోవాలి కదా.

నేను వీలు చూసుకుని సారుతో మాట్లాడతాను. తొందరపెట్టకు. ఇంకో మాట, ఉత్తరాలు ఆఫీసుకు రాయకు, నా గది చిరునామాకే రాయి. ఆఫీసులో అన్నీ విప్పి చూసి గానీ ఇవ్వరు.

ఇక్కడ చలి ఇంకా తగ్గలేదు. నువ్వు పంపిన శాలువా కప్పుకునే ఈ ఉత్తరం రాస్తున్నాను.

ప్రేమతో
చెల్లి


ఫిబ్రవరి 16

బుజ్జమ్మా,

ఉత్తరం చదివి రెండు గ్లాసులు కాదు, బిందె ఎత్తిపోసుకున్నా నా ఒంట్లో మంట చల్లారలేదు.

నాకు అర్థమైంది. ఆ పెద్ద సారు నిన్ను భయపెట్టి ఉంటాడు. నోరెత్తితే ఉద్యోగం తీసేస్తానని చెప్పి ఉంటాడు. నువ్వు చిన్నప్పటినుంచీ అంతే, ఎవరైనా గట్టిగా చూస్తే చాలు, తల దించుకుంటావు. బస్సులో మన సీట్లో ఎవరో కూర్చుంటే "పోనీలే అక్కా" అనేదానివి. లేపింది నేను. ఇప్పుడు కూడా నేనే లేపుతాను.

నువ్వు మాట్లాడలేకపోతే మానెయ్. నేనే సాక్ష్యం పంపించాను. పాత దిండుగలీబులు ఆరు, ఒక హోటలు బల్లగుడ్డ, మీ బావ చొక్కా ఒకటి. ఒక్కొక్కదాని మూల గుర్తు ఏమిటో, అది ఏ వీధో, ఏ ఇల్లో పిడుగు చీటీలు రాసి పిన్నులు గుచ్చింది. నిన్న మూట కట్టి మీ ఆఫీసుకే, ఆ సారు పేరు మీదే పంపాను. లోపల ఉత్తరం కూడా పెట్టాను. "అయ్యా, ఇది దుష్టశక్తి కాదు, లాండ్రీ. నమ్మకపోతే మీ కోటు కాలరు తిప్పి చూసుకోండి" అని మర్యాదగానే రాశాను. "మా చెల్లెలు మీ దగ్గరే పనిచేస్తుంది, వివరాలు దాన్ని అడగండి" అని కూడా రాశాను. నీ పేరు చెబితే కాస్త గౌరవిస్తాడని.

ఆ పాఠం ప్రకారం అంతరించిపోయిన వాళ్ళమట మనం! ఈ వారం ఆసుపత్రి నుంచి రెండు బళ్ళు, లాడ్జి నుంచి ఒక బండి వచ్చాయి. బట్టలు ఉతికే తొట్టెల ముందు నిలబడి నిలబడి నా కాళ్ళు మొద్దుబారిపోయాయి. అంతరించినవాళ్ళకు మడమలు పగులుతాయా? ఆ కమిటీవాళ్ళను ఒక్కసారి ఇటు రమ్మను, రక్తం మరకలు ఎలా పోతాయో చూపిస్తాను.

టీచరమ్మకు కూడా చెప్పాను, "మ్యూజియానికి రాశాను, జవాబు వస్తుంది" అని. "నేనూ రాశాను" అంది ఆవిడ నవ్వుతూ. రాయనీ. ఇద్దరి ఉత్తరాలూ వెళ్తే ఇంకా మంచిది. అక్కడ నువ్వున్నావు.

పిడుగు అడుగుతోంది, అమ్మమ్మ పేరు బోర్డు మీద పెద్ద అక్షరాలతో ఉందా, చిన్న అక్షరాలతోనా అని. ఫోటోలో ఆనడం లేదు. చెప్పు.

అక్క


ఫిబ్రవరి 23

అక్కా,

ఎంత పని చేశావు! ఆ మూట సారు చేతికి వెళ్ళకముందే నా బల్ల మీదకు వచ్చింది కాబట్టి సరిపోయింది. వచ్చిన పార్సిళ్ళు పుస్తకంలో ఎక్కించేది నేనే. గంజి వాసనకే నీ మూటని తెలిసిపోయింది. ఎవరూ చూడకుండా సంచిలో పెట్టుకుని గదికి తెచ్చుకున్నాను. దయచేసి ఇంకెప్పుడూ ఇలా చెయ్యకు. నన్ను అడగకుండా నా పేరు ఎందుకు రాశావు?

సారు చెడ్డవాడు కాదు. నన్నెవరూ భయపెట్టలేదు. కొన్ని సంగతులు ఉత్తరాల్లో వివరంగా రాయడానికి వీలుపడదు, అంతే.

నా మాట విను. పదిసార్లు రాయడానికి పదిహేను నిమిషాలు పడుతుంది. రాసి ఇచ్చేస్తే హాల్‌టిక్కెట్టు వస్తుంది, పరీక్ష అయిపోతుంది. కాగితం మీద రాసినంత మాత్రాన నిజం అబద్ధమైపోతుందా? పిడుగు పైకి రావాలి. పైకి వచ్చే దారిలో ఇలాంటి కాగితాలు చాలా రాయాల్సి వస్తుంది. నేను రాయలేదా?

నీకు కోపం వస్తుందని తెలుసు. దాని మంచికే చెబుతున్నాను.

చెల్లి

తా.క. అమ్మ పేరు బోర్డు మీద లేదు. ఇక్కడ అలా పేర్లు వెయ్యరు.


మార్చి 2

బుజ్జమ్మా,

నిన్న టీచరమ్మ మళ్ళీ పిలిపించింది. కుర్చీ చూపించింది, కూర్చోమంది. అలా మర్యాద చేసినప్పుడే నాకు అనుమానం వచ్చింది. బల్ల మీద ఒక కాగితం పెట్టి, "మీరు చెప్పిన మ్యూజియం నుంచే జవాబొచ్చింది, చదువుకోండి" అంది. కళ్ళజోడు పెట్టుకుని చదివాను. టైపు చేసిన ఉత్తరం. నేను మర్చిపోతానేమోనని అక్కడే చీటీ అడిగి మాట మాటకీ రాసుకొచ్చాను.

"మీరు ప్రస్తావించిన బోర్డులోని సమాచారం సరైనదే. సదరు వస్త్రం ఒక వృద్ధ స్త్రీ నుంచి సేకరించబడినది. ఆ వృత్తి సమూహం ప్రస్తుతం దాదాపు అంతరించినది. పెద్ద అధికారి తరఫున."

తరఫున అన్న మాట కింద నీ సంతకం.

నీ సంతకం నేనెరగనా? చివరి అక్షరానికి తోక తిప్పి మళ్ళీ వెనక్కి లాక్కొస్తావు. టీచరమ్మకు నువ్వు నా చెల్లెలివని తెలియదు. నేనూ చెప్పలేదు. చెప్పడానికి సిగ్గేసింది. జీవితంలో మొదటిసారి నా చెల్లెలు నాకేమవుతుందో చెప్పడానికి సిగ్గుపడ్డాను.

వృద్ధ స్త్రీ! ఎవరే వృద్ధ స్త్రీ? నిన్ను కన్నావిడ. నువ్వు ఇంటర్వ్యూకి వెళ్తూ ఏదైనా పాత వస్తువు తెమ్మన్నారంటే, ముప్పై ఏళ్ళు మడత నలగకుండా దాచుకున్న గుడ్డను "నీ ఉద్యోగానికి పనికొస్తుందంటే తీసుకుపోవే" అని నీ చేతిలో పెట్టింది. ఆ తర్వాత నెల రోజులు గుర్తులన్నీ నా చేత బల్ల మీద సుద్దముక్కతో గీయించింది, నేను మర్చిపోకూడదని. మా అమ్మాయి మ్యూజియంలో నా పేరు పెట్టించిందని చనిపోయేదాకా చెప్పుకుంది. వినేవాళ్ళు ఎవరూ లేకపోతే తొట్టెలకు చెప్పుకుంది.

బోర్డు రాసినవాణ్ణి చీవాట్లు పెట్టమని నీకు రాశాను చూడు, నా అంత పిచ్చిది ఉంటుందా! రెండు ఉత్తరాలుగా నువ్వు తప్పించుకుంటున్నావని కూడా తెలుసుకోలేకపోయాను. ఆ సారు నిన్ను ఏడిపిస్తున్నాడని నేనిక్కడ వాణ్ణి రోజూ తిట్టుకుంటున్నాను. మీ బావ నోట్లో నాలుక లేని మనిషి, ఆయన కూడా కాగితం చదివి, "ఇది బుజ్జమ్మే రాసిందా?" అని రెండుసార్లు అడిగాడు. రెండోసారి చీటీ లాక్కుని కొంగున ముడేసుకున్నాను.

పిడుగుకి చెప్పకూడదనుకున్నాను. కానీ ఆ చీటీ నా కొంగు ముడిలోంచి తీసి చదివేసింది. మళ్ళీ మడిచి నా కొంగులోనే ముడేసింది. ఎప్పుడూ లొడలొడ వాగే పిల్ల పుస్తకం తీసుకుని మూలన కూర్చుంది.

ఒకటే అడుగుతాను. ఆ బోర్డు ఎవరు రాశారు? కమిటీ, ఫైలు అని చెప్పకు. మనిషి పేరు చెప్పు.


మార్చి 9

అక్కా,

నేనే.

అక్షరాలు పెయింటరు వేశాడు, వాక్యం సారు సరిదిద్దాడు. కానీ మాట నాది.

ఆ రోజు ఇంటర్వ్యూలో బల్లకు అటువైపు ముగ్గురు ఉన్నారు. గుడ్డ పరిచాను. సారు దాన్ని చూడటానికి ముందుకు వంగాడు. ఆయన కోటు కాలరు లోపలి గుర్తు కనపడింది. మనలాంటివాళ్ళెవరో ఈ ఊళ్ళో వేసిన గుర్తు. నా కళ్ళు వాటంతటవే దాన్ని చదవడం మొదలుపెట్టాయి. ఎన్నో వీధి, ఎన్నో ఇల్లు అని. "ఏం చూస్తున్నారు?" అన్నాడు ఆయన. "ఈ చిహ్నాలు ఏమిటి?" అని అడిగాడు. తెలుసని చెబితే ఎలా తెలుసని అడుగుతారు. ఎలా తెలుసో చెబితే ఆ తర్వాత వాళ్ళ కళ్ళకు నేను కనపడను, తొట్టె కనపడుతుంది. "ఒక ముసలామె దగ్గర సేకరించాను సార్. దుష్టశక్తులు సోకకుండా వేస్తారని చెప్పింది" అన్నాను. ఎక్కడినుంచి వచ్చిందో ఆ మాట. సారు ముఖం వెలిగిపోయింది. వెంటనే రాసుకున్నాడు. ఉద్యోగం ఆ మాటకే వచ్చింది. ఏడాది తిరిగేసరికి అది బోర్డయింది, ఇప్పుడు పాఠమైంది. మధ్యలో ఎక్కడ ఆపాలో నాకు తెలియలేదు. ఎవరైనా నన్ను పట్టుకుంటారేమోనని రోజూ ఆ గది ముందు తల దించుకుని నడుస్తాను.

ఎందుకంత భయమని అడుగుతావు. నీకెప్పుడూ చెప్పని సంగతి ఒకటి ఉంది. నేను ఐదో తరగతిలో ఉన్నప్పుడు, స్కూల్లో నాటకం రోజున నువ్వు నాకు నీలం గౌను వేసి పంపించావు, గుర్తుందా? ఉతకడానికి వచ్చిన మూటలోది. ఒక్క పూటే కదా, సాయంత్రం మళ్ళీ ఉతికి ఇచ్చేద్దామన్నావు. స్టేజి ఎక్కబోతుంటే ఇంజనీరుగారి అమ్మాయి, "ఇది నా గౌను" అంది. నేను కాదన్నాను. అది నా మెడ వెనక కాలరు తిప్పి అందరికీ గుర్తు చూపించింది. "ఇదిగో మా ఇంటి గుర్తు, వీళ్ళ అమ్మే వేసింది." అమ్మ వేసిన గుర్తే అక్కా, నన్ను పట్టించింది. గౌను విప్పించి, లోపలి గౌనుతో గదిలో కూర్చోబెట్టారు. కడుపునొప్పి వచ్చిందని నీతో చెప్పాను. ఆ తర్వాత ఎవరైనా నా వెనక నిలబడితే చాలు, చెయ్యి దానంతటదే మెడ మీదకు పోతుంది. ఇప్పటికీ అంతే.

ఇది సాకని నాకు తెలుసు. అమ్మను ముసలామెను చేసినందుకు ఏ సాకూ చాలదు.

రేపు సారు గదికి వెళ్తున్నాను. పిడుగుని ఒక్క అక్షరం కూడా రాయొద్దని చెప్పు. నేను చెప్పానని చెప్పు.

మీ
బుజ్జమ్మ


మార్చి 15

అక్కా!

జవాబు రాయలేదు నువ్వు. తిట్టినా రాసి ఉండాల్సింది. అయినా ఇది చదువు, చదివి వెంటనే పిడుగుని పిలిచి చదివించు.

చెప్పేశాను. పెద్ద సారు ముందు నిలబడి, ఆ గుడ్డ మా అమ్మది, ఆ మాట నేను కల్పించింది అని చెప్పేశాను. ఆయన ముందు నవ్వాడు. "మీరా? మీరు వాళ్ళలా లేరే!" అన్నాడు. వాళ్ళెలా ఉంటారు సార్ అని అడిగాను. ఆయన మాట మార్చాడు. "చదువుకున్నారు, ఇంత మంచి ఉద్యోగంలో ఉన్నారు, ఇంకా ఆ గతమెందుకు తవ్వుకుంటారు?" అన్నాడు. నాకు ఎంత కోపం వచ్చిందంటే, నోట్లోంచి నీ గొంతే వచ్చింది. "గతం ఎక్కడిది సార్, నిన్న కూడా మా అక్క దుప్పట్లు ఉతికింది" అన్నాను. అప్పటికీ నమ్మకపోతే నీ మూట తెచ్చి ఆయన బల్ల మీద విప్పాను. పిడుగు గుచ్చిన చీటీలు ఒక్కొక్కటీ చదివాను.

ముందు ఏం చేశాడో తెలుసా? బోర్డు అడుగున "ఇవి ఇళ్ళ గుర్తులని కొందరి వాదన" అని చిన్న కాగితం అంటించమన్నాడు. వాదనట! మన ఇంట్లో మనం చేసే పని మన వాదనట. నేను కాగితం అంటించలేదు. బోర్డే దింపి గోడవైపు తిప్పి పెట్టేశాను. రెండు రోజులు గొడవ జరిగింది. ఇంటర్వ్యూలో అబద్ధం చెప్పానని నా మీద విచారణ వేశారు. వెయ్యనీ. ఉద్యోగం ఉంటుందో ఊడుతుందో నాకు తెలియదు. కానీ బోర్డు లేని అద్దాల పెట్టె చూసి వచ్చినవాళ్ళంతా అడుగుతుంటే, సారు కమిటీ దాకా ఆగకుండా సంతకం పెట్టాడు, కొత్త బోర్డు నిన్న ఎక్కింది. అమ్మ పేరు ఉంది. పెద్ద అక్షరాలే. "ఇళ్ళవారీ బట్టలు గుర్తించడానికి ఈమె కనిపెట్టిన పద్ధతి. ఈమె పెద్ద కూతురు నేటికీ వాడుతోంది" అని ఉంది.

మీ టీచరమ్మకు రిజిస్టరు పోస్టులో ఉత్తరం పంపాను. నా సంతకం కింద, ఆ అమ్మాయికి పిన్నినని రాశాను. పాఠం దిద్దాలని పుస్తకం వేసేవాళ్ళకు కూడా రాశాను. పరీక్షకు ఇంకా ఐదు రోజులున్నాయి. పిడుగుని ధైర్యంగా ఉండమను. దాని జవాబే సరైనది, అక్షరం పొల్లు పోకుండా సరైనది.

నీ
బుజ్జమ్మ


మార్చి 22

బుజ్జమ్మా,

నీ రెండు ఉత్తరాలూ అందాయి. ముందు గౌను సంగతి. ఆ గౌను నేనే వేశాను. నువ్వు అందంగా ఉండాలని వేశాను. తప్పు నాది, అది నాకు ఇన్నేళ్ళకు తెలిసింది. నన్ను నాలుగు తిట్టి ఉంటే పోయేది. నన్ను వదిలేసి అమ్మ మీద తీర్చుకున్నావు. అది మాత్రం నేను ఇప్పుడప్పుడే మర్చిపోలేను, మర్చిపోయానని అబద్ధం రాయలేను.

కొత్త బోర్డు మంచి పని. గొడవపడ్డావు, బాగుంది. చదివి మీ బావ కళ్ళు తుడుచుకున్నాడు. నేనూ ఏడ్చేదాన్ని.

కానీ పిడుగు రాసేసింది.

ఈ రెండిట్లో మొదటి ఉత్తరం పదమూడున వచ్చింది. పిడుగు పదకొండునే రాసి ఇచ్చేసింది. ఎవరూ చెప్పలేదు, ఎవరూ బలవంతపెట్టలేదు. నేను ఆసుపత్రి మూట విప్పుతున్నాను, దుకాణం గడప మీద కూర్చుని రాసుకుంటుంటే లెక్కలు చేసుకుంటోందనుకున్నాను. పదిసార్లు రాయమంటే పన్నెండుసార్లు రాసింది, ఎందుకైనా మంచిదని. కింద "నాది తప్పు" అని సంతకం పెట్టింది. గుండ్రంగా, ఎప్పుడూ లేనంత చక్కగా ఉన్నాయి అక్షరాలు. ఎందుకు రాశావే అని చెయ్యెత్తాను. అది నిబ్బరంగా నా మొహం చూసి, "పిన్ని కూడా ఇలా రాసే కదమ్మా అక్కడిదాకా వెళ్ళింది" అంది.

ఎత్తిన చెయ్యి దించి పనిలోకి వెళ్ళిపోయాను.

పరీక్షలు రాస్తోంది. బాగానే రాస్తోందట. సోషల్లో మళ్ళీ ఆ ప్రశ్నే వచ్చిందట. ఏం రాశావని నేను అడగలేదు. నీ రిజిస్టరు ఉత్తరం చూసి టీచరమ్మ అప్పటికే పిలిచి, ఏది రాసినా మార్కు వేస్తామంది. ఏది రాసినా! నిజం రాసినా అబద్ధం రాసినా ఒకటే మార్కు. ఇదెక్కడి న్యాయమే? అంతకంటే సున్నాయే నయం.

నీ ఉత్తరం దానికి చదివి వినిపించాను. "బాగుంది" అంది. అంతే. రోజూ బడినుంచి రాగానే సిరాబుడ్డి పట్టుకుని నా పక్కన కూర్చుని గుర్తులు వేసే పిల్ల, ఇప్పుడు సిరా చేతికి అంటుకుంటుందని దగ్గరకు రావడం లేదు. మొన్న బడిలో కొత్తగా చేరిన పిల్ల ఎవరో దానితో మాట్లాడుకుంటూ మన వీధి దాకా వచ్చింది. మీ ఇల్లు ఎక్కడని అడిగింది కాబోలు. నేను ఇస్త్రీ చేస్తూ కిటికీ అద్దంలోంచి చూస్తున్నాను. పిడుగు మన దుకాణం దాటి ముందుకు నడిచి, పక్క సందులోకి చెయ్యి చూపించింది. ఆ పిల్ల వెళ్ళేదాకా అక్కడే నిలబడి, తర్వాత పెరటివైపు నుంచి ఇంట్లోకి వచ్చింది. ఇస్త్రీపెట్టె కింద డాక్టరుగారి చొక్కా కాలిపోయింది. ఇన్నేళ్ళలో నేను కాల్చిన మొదటి చొక్కా అదే.

నన్ను క్షమించమని అడగడానికైతే రాకు. నాతో తర్వాత మాట్లాడుదువుగాని. దానికోసం రా. నేనెంత చెప్పినా అది వినదు, నేను ఈ దుకాణం దాటి ఎక్కడికీ పోలేదు కదా. అది పోతున్న దారి తెలిసినదానివి నువ్వొక్కదానివే. మెడ మీదకు పోయే ఆ చెయ్యి ఇన్నేళ్ళు ఎలా ఉంటుందో దానికి నువ్వే చెప్పాలి. గౌను దగ్గరనుంచి బోర్డు దాకా ఒక్కటీ దాచకుండా చెప్పాలి.

సెలవు ఇవ్వకపోతే విచారణ చేసేవాళ్ళను ఇక్కడికే వచ్చి చేసుకోమను. సాయంత్రం బడి వదిలే వేళకు దిగు. పెరటివైపు నుంచి కాదు, పిల్లలంతా చూస్తుండగా వీధిలోంచి నడిచి రా. మంచి చీరలు, కానుకలు ఏమీ తేవొద్దు. నీ మాసిన బట్టలన్నీ మూట కట్టుకుని నెత్తిన పెట్టుకుని రా. తొట్టె దగ్గర దాన్ని పక్కన నిలబెట్టుకుని నీ చేతుల్తో ఉతుకుదువుగాని.

అక్క